మూడు టిక్కెట్లు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లోనే కాదు, మా వీధి వీధంతా అంటారు. అంటే అననీ. నేను పుట్టింది దుత్తలూరు మెట్టలో. అక్కడ బోరులో నీళ్లు పడ్డాయని ఎవరైనా చెబితే, బిందె నిండేదాకా నమ్మే అలవాటు లేదు మాకు. ఉదయగిరికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లయినా ఆ గుణం నన్ను వదల్లేదు. పాలాయన నవ్వితే నీళ్లు కలిపాడనుకుంటాను. మా ఆయన నవ్వితే ఇంకేదో కలిపాడనుకుంటాను. కానీ ఈ ఎండాకాలం పడినంత అనుమానం నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

మాది చెక్క గరిటెల పని. మా ఆయన పెంచలప్రసాద్ కొండ కింది పల్లెల నుంచి నర్ది కర్ర తెచ్చి కోసి పెడతాడు. మా అత్త రాఘవమ్మా నేనూ గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కుతాం. మా కూతురు దివ్యశ్రీ ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ఇంట్లో ఈ నలుగురమే. దివ్యకు బెంగళూరు అవతల నర్సింగు కాలేజీలో సీటు వస్తుందన్నారు. ఫీజు ఎలాగో తట్టుకోవచ్చు గానీ, హాస్టల్ ఖర్చు వినేసరికి మా అందరి నోళ్లూ మూతపడ్డాయి.

అప్పుడు ఆదినారాయణగారు ఒక మాట చెప్పాడు. ఆయన మా సరుకు కొని బెంగళూరులో అమ్ముకునే వ్యాపారి. ఆ కాలేజీకి దగ్గర్లోనే ఆయనకు ఒక షెడ్డు ఉంది. చెక్కేవాళ్లు అక్కడికే వచ్చి పని చేస్తే నెలజీతం ఇస్తాడట, ఉండటానికి గది కూడా ఇస్తాడట. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. నాకైతే నడిచొచ్చే కొడుకును చూసినా, వీడెవడి పిల్లాడో అని అనుమానమే.

మా ఆయన లెక్కలు మొదలుపెట్టాడు. దివ్య కెమిస్ట్రీ రికార్డు వెనక ఖాళీ పేజీల్లో రోజూ ఏదో ఒకటి రాస్తాడు, కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాడు. అడిగితే "చూద్దాంలే" అంటాడు. ఆయన పెళ్లిచూపుల్లో కూడా అదే మాట అన్నాడు.

ఏప్రిల్ మొదట్లో ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆ రికార్డు తెరిచి చూశాను. బస్సు టిక్కెట్లు మూడు. పరుపులు మూడు. కంచాలు మూడు, గ్లాసులు మూడు, దుప్పట్లు మూడు. ఆ కిందనే, 'పార్సిలు, వారం వారం, బస్సుకు' అని రాసి చుట్టూ గీత గీశాడు. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎక్కడా నాలుగు లేదు.

ఆ పూట అన్నం ముందు కూర్చుని లెక్క వేశాను. దివ్య పోక తప్పదు, కాలేజీ ఆ పిల్లదే. ఆయన పోక తప్పదు, ఇంటి మగమనిషి లేకుండా పరాయి రాష్ట్రానికి ఎవరు పోతారు? ఇక మిగిలింది నేనూ, మా అత్తా. మా ఇద్దరిలో ఒకరిని ఉదయగిరిలో వదిలేస్తారు. వారం వారం పార్సిలు ఆ వదిలేసిన మనిషికే. అక్కడ చెక్కినవి ఇక్కడికి పంపితే, ఇక్కడి మనిషి కూర్చుని ఉప్పుకాగితంతో రుద్ది తిరిగి పంపాలి. లెక్క సరిపోయింది. మనిషెవరో తేలాలి, అంతే.

మర్నాడు పందిట్లో పనికి కూర్చున్నప్పుడు మెల్లగా కదిపాను.

"అత్తా, బెంగళూరులో చలంట. నువ్వు తట్టుకోగలవా?"

"నా సంగతి ఎందుకులే. నీకు కన్నడం వస్తాదా?"

"నేర్చుకుంటా."

"నేనూ స్వెట్టరు కొనుక్కుంటా."

ఇద్దరం తలెత్తకుండా బాడిశలు ఆడిస్తూనే ఉన్నాం. ఆమెకు చదువు రాదు. మరి ఈ మూడు సంగతి ఆమెకు ఎలా తెలిసింది? కొడుకే చెప్పి ఉంటాడు. తల్లీకొడుకులు ఒకటయ్యారన్నమాట.

అక్కడి నుంచి నేను కాపలా కాయడం మొదలుపెట్టాను. నేను ఇంట్లోకి పోతే ఆమె మాట ఆపేది. ఆమె బయటికి పోతే నేను వాకిలి దాకా వచ్చేదాన్ని. ఒకరోజు మా అత్త, దివ్య దగ్గర ఫోను తీసుకుని నీళ్ల డ్రమ్ము వెనక్కి పోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడింది. ఎవరితోనని దివ్యను అడిగితే, "అనంతసాగరం అత్తతోనంట, ఏదో కాగితం చూసి నంబరు తనే నొక్కుకునింది" అంది. అనంతసాగరంలో ఉన్న కూతురితో మాట్లాడడానికి డ్రమ్ము చాటు ఎందుకు?

ఏప్రిల్ చివర్లో మా ఆయన ఆమెను ఆత్మకూరు తీసుకుపోయాడు. నాతో "నడుం నొప్పికి మందు" అన్నాడు. సాయంత్రం బస్సు దిగి ఇద్దరూ ఇంటికొచ్చారు. నడుం సంగతి నాకు తెలియదు గానీ, ఆమె ముక్కు మీద కొత్త కళ్లజోడు ఉంది. ఆ కళ్లజోడులోంచి నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఏందత్తా, నడుముకు కళ్లజోడు ఇచ్చినారా?"

"నొప్పి ఎక్కడుండాదో కనపడాల గదా," అంది.

ఇంకేం కావాలి? ఉప్పుకాగితం రుద్దే మనిషికి కళ్లజోడు అక్కర్లేదు. షెడ్డులో నలుగురి ముందు కూర్చుని చెక్కబోయే మనిషికి కావాలి. కాబట్టి పోయేది ఆమె. ఉండిపోయేది నేను. నా కూతురు పరాయి ఊళ్లో చదువుతూ ఉంటే, నేను ఇక్కడ మూడేళ్లు వాకిలి ఊడ్చుకుంటూ కూర్చోవాలి. దాని తల నేను దువ్వకపోతే ఎవరు దువ్వుతారు? ఆ రోజు ఫోర్కు పళ్లు రెండు విరగ్గొట్టాను. ఆయనను నిలదీసి అడిగి ఉంటే పోయేది. అడగలేదు. అడిగితే "చూద్దాంలే" అంటాడని కాదు, 'అవును, నువ్వే' అంటాడేమోనని భయం.

మే రెండో వారంలో ఒక పొద్దున ఆయన కర్ర కోసం పోతూ ఫోను ఛార్జింగులో మరిచిపోయాడు. అది మోగింది. చూస్తే ఆదినారాయణగారు.

"ప్రసాద్ లేడా అమ్మా?"

"కర్రకు పోయినాడు. నేను ఆయన భార్యను."

"ఓ, కోడలుగారా. అమ్మా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. మీరు చెక్కినవి ఎండిన తరువాత పగుళ్లు ఇస్తాయంట గదా?"

నా ఒళ్లు భగ్గుమంది. ఇరవై ఏళ్లుగా నా చేతి గరిటె పగిలిందని తిరిగొచ్చింది లేదు. నన్ను వదిలించుకోవడానికి మా ఆయన అంత మాట చెప్పాడా? చెప్పే ఉంటాడు, తల్లి మాట జవదాటడు కదా. అప్పుడు నా నోటికి ఏమొస్తుందో నాకే తెలియలేదు.

"నా పనికేం వంక లేదు సార్. మా అత్తకే చెయ్యి వణుకుతాది. కళ్లజోడు పెట్టించినా లాభం లేదు. ఆమెను నమ్ముకోబాకండి. నేనూ నా కూతురూ వస్తాం, మా ఇద్దరికీ గది ఇస్తే చాలు."

పచ్చి అబద్ధం. అరవై ఐదేళ్ల మనిషి, తమలపాకు తొడిమంత సన్నగా కాడ తీస్తుంది. ఆ చెయ్యి వణకడం నేను ఏనాడూ చూడలేదు.

ఫోను పెట్టి వెనక్కి తిరిగితే, గుమ్మం బయట మా అత్త స్పూనుకు ఆకురాయి పడుతోంది. ఆ చప్పుడు ఆగి ఉంది. నేను చూసేసరికి మళ్లీ మొదలైంది. విన్నదో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం ఆమే వడ్డించింది, రోజూ లాగే. అది నాకు ఇంకా అనుమానంగా తోచింది.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పన్నెండు గంటల ఎండలో మా ఆయన బజారు నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా పందిట్లో నేల మీద కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"పని పోయింది," అన్నాడు.

ఇద్దరం బాడిశలు కింద పెట్టాం. దివ్య లోపలి నుంచి వచ్చి గడప మీద నిలబడింది.

"ఆదినారాయణ వద్దంటున్నాడు. మీ ఇంట్లోవాళ్లే ఫోన్ చేసి మీ పని బాలేదని చెప్తా ఉంటే నేనెట్టా పెట్టుకునేది అన్నాడు. గది లేదు, జీతం లేదు. ఎవరు చేసినారో కూడా చెప్పలేదు. ఎవరు చేసింది?"

దివ్య గడప మీదే కూలబడింది. సీటుకు డబ్బు కట్టాల్సిన గడువు ఆ నెలాఖరు. చెబుదామనే నోరు తెరిచాను, ఒట్టు. కానీ మాట రాలేదు.

"నేనే చెప్పినాలేరా," అంది మా అత్త.

నేను ఆమె వంక చూడలేకపోయాను. నా అబద్ధాన్ని ఆ ముసలమ్మ తన నెత్తిన వేసుకుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నాళ్లూ ఆమె పక్కనే కూర్చుని ఆమె గురించి ఎన్నేసి అనుకున్నాను!

"నువ్వా? ఎందుకుమా?"

"ఎందుకంటే ఏం చెప్పేది? మూడు టిక్కెట్లు రాసుకుంటివి. దివ్యను అడిగితే మూడే అవ్వా అనింది. ముగ్గురు పోయినాక నేనొక్కదాన్నే ఈ గోడలు చూస్తా కూచోవాల్నా? కళ్లజోడు కూడా ఇప్పిస్తివి. ఒంటిగా ఉండే ముసల్ది తట్టుకుని పడకూడదని ఇప్పించినావనుకున్నా."

"ఎవరు వదిలిపెట్టి పోతామన్నారు నిన్ను? కళ్లజోడు ఇప్పించింది షెడ్డులో పనికి."

"మరి నన్నా?" అన్నాను నేను. "అత్తను కాదంటే నన్నేగా? చెప్పవయ్యా, నేనే గదా మిగిలేది?"

ఆయన ఆమె వంక చూశాడు, నా వంక చూశాడు. మాకిద్దరికీ మతి పోయిందేమోనన్నట్టు చూశాడు.

"నేను," అన్నాడు. "నేను రావడంలా."

దివ్య గడప మీంచి లేచి నిలబడింది.

"ఆడ నర్ది కర్ర యాడ దొరకతాది? పచ్చిదిగా ఉన్నప్పుడే చెక్కాల. నాలుగు రోజులు ఆరితే బాడిశకు లొంగదు. ఆ సంగతి మీకు నేను చెప్పాల్నా? మొదటి రోజే అడిగినాడు ఆయన, కర్ర ఎవరు పంపుతారని. నేనుండి పంపుతా అని ఒప్పుకున్నా. వారం వారం తడిగోనెలో చుట్టి బస్సుకు పార్సిలు వేస్తే, మీకు చేతినిండా పని ఉంటాది. మూడేళ్లే గదా."

"ఆ ముక్క ముందే చెప్పేదానికి ఏం రోగం నీకు?" అన్నాను.

"చెప్తే అమ్మ కదుల్తాదా? నువ్వు మాత్రం కదుల్తావా? సీటు పోతాది. బస్సు దగ్గర చెప్దాం, సామాన్లతో వెనక వస్తా, మీరు పదండి అని. అట్టా ఎక్కించేద్దామనుకున్నా."

ముప్పై ఏళ్లుగా చెక్క పని చేస్తున్నాం మా ఇంట్లో. పచ్చి కర్ర లేకపోతే గరిటె లేదని పుట్టిన పిల్లకు కూడా తెలుసు. మా అత్తకూ నాకూ మాత్రం ఆ సంగతే తట్టలేదు. పార్సిలు ఇక్కడికి వస్తుందనుకున్నాను గానీ, ఇక్కడి నుంచే పోవాలి కదా అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ చేయించాం. ఆదినారాయణగారు తెరలో కనిపించాడు, భుజం మీద తువ్వాలు, చేతిలో కాఫీ గ్లాసు. మా ఆయన ఏదో సర్దిచెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడప్పా ప్రసాదూ, నాకు ఎవరి మీదా కోపం లేదు. ముందు మీ అమ్మగారు ఫోన్ చేసి, కోడలి గరిటెలు పగులుతాయి, నేనూ నా మనవరాలూ వస్తాం అన్నారు. తరువాత కోడలుగారు, అత్తకు చెయ్యి వణుకుతుంది, నేనూ నా కూతురూ వస్తాం అన్నారు. ఇప్పుడు నువ్వు అందరూ మంచివాళ్లే అంటావు. ఎవరి మాట నమ్మమంటావు నన్ను?"

నేను మా అత్త వైపు తిరిగాను. డ్రమ్ము చాటున కొంగు అడ్డం పెట్టుకుని ఆమె మాట్లాడింది ఇదా? నిన్న నన్ను కాపాడిందనుకుని ఏడ్చి చచ్చానే! ఆమె తన తప్పు తాను ఒప్పుకుంది, అంతే. ఆమె కూడా కళ్లజోడు పైకి తోసుకుని నన్నే చూస్తోంది.

"నా గరిటెలు పగులుతాయా అత్తా?"

"నా చెయ్యి వణుకుతాదా?"

"విన్నావా ఆ రోజు?"

"వినకేం. ఆకురాయి ఆపి మరీ విన్నా. ఇద్దరిదీ ఒకటే బతుకని నీది బయట పెట్టలా."

ఫోను పట్టుకున్న దివ్య నవ్వు ఆపుకోలేక దాన్ని కదిలించేస్తోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అందరి ముందూ తెర దగ్గరికి జరిగి చెప్పాను. "సార్, నేను చెప్పింది అబద్ధం. మా అత్త చేతిలాంటి చెయ్యి ఉదయగిరి మొత్తంలో లేదు. కావాలంటే చూడండి."

మా అత్త లేచి వంటింట్లోకి పోయింది. అలిగిందనుకున్నాను. సంగటి కెలికే గరిటె తీసుకుని వచ్చింది, కడగను కూడా లేదు.

"ఇది మూడేళ్ల కింద మా కోడలు చెక్కింది," అని దాన్ని ఫోనుకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. "రోజూ కాలే సంగట్లో తిరుగుతా ఉండాది. ఎక్కడ పగిలిందో నువ్వే చూపించు నాయనా. కళ్లజోడు కావాలంటే నాది ఇస్తా."

ఆదినారాయణగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి పెద్దగా నవ్వాడు. తరువాత ఆమె కూర్చుని బాడిశ తీసుకుంది. నేనూ పక్కన కూర్చున్నాను. చెరొక స్పూను చెక్కాం. కాడ సన్నబడే చోట ఆమె బాడిశ ఎలా తిప్పుతుందో ఇరవై ఏళ్లలో నేను అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు. అరగంట సేపు ఆయన ఫోను పెట్టలేదు.

"జూన్ పదో తేదీలోపు రండి," అన్నాడు చివరికి. "కానీ ఒకటి. ఇక మీదట నాకు ఫోన్ చేసేది ప్రసాద్ ఒక్కడే."

జూన్ ఎనిమిదిన ఆత్మకూరు బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కాం. దివ్య ముందు సీట్లో, మేమిద్దరం వెనక. మా ఆయన సామాన్లు డిక్కీలో సర్ది, తాళం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసి, మా కిటికీ కిందకు వచ్చి నిలబడ్డాడు. పొయ్యి దగ్గర పప్పు డబ్బా ఎక్కడుందో నేను చెబుతూ ఉన్నాను. ఆయన తలూపుతూ ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది. ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు ఈ మనిషి? ఎండాకాలమంతా నేను మా అత్త మీద, ఆమె నా మీద కన్నేసి కూర్చున్నాం. ఈయన వంక చూసినవాళ్లే లేరు మా ఇంట్లో. తన పేరు తనే కొట్టేసుకుని, మా ముగ్గురికీ పరుపులు ఏ కొట్లో బాగుంటాయో కనుక్కుంటూ తిరిగాడు.

"ఆదివారం ఫోన్ చేస్తా," అన్నాడు.

"ఏం తింటావో రోజూ చెప్పాల," అన్నాను.

"చూద్దాంలే," అన్నాడు.

బస్సు కదిలింది. ఆయన చెయ్యి కూడా ఊపలేదు, అలాంటి మనిషి కాదు. నేను కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను, దివ్య చూస్తే తనూ మొదలుపెడుతుందని. కాసేపటికి మా అత్త మోచేత్తో నన్ను పొడిచింది.

"విజయా."

"ఏందత్తా?"

"వాడొక్కడే ఈడ ఉంటానని అంత తొందరగా ఒప్పుకున్నాడంటే, నాకేదో అనుమానంగా ఉండాదే."

నాకు నవ్వొచ్చింది. ఏదో ఒకటి అనబోయి ఆమె వంక తిరిగాను. కొత్త కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని ఉంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది, ఎంతకీ ఆగడం లేదు.

"నాక్కూడా అత్తా," అన్నాను.